అమ్మతో గ్రీస్‌లో ఆరు రోజులు

మొదటి రోజు, 2025 సెప్టెంబర్ 29, సోమవారం

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఏథెన్స్‌కి మూడు గంటల లోపే ఫ్లైట్. నాతో అమ్మ. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది, తెనాలిలో ఉంటుంది, ఈ ఏడాది దసరాకి మా దగ్గరికి వచ్చింది. అక్టోబర్ 3 జర్మనీలో ఎలాగూ సెలవే, ముందు నాలుగు రోజులు లీవ్ పెడితే వారం కలిసొస్తుంది. పారిస్ వెళ్దామే అంది అమ్మ, గ్రీస్ అని పట్టుబట్టింది నేనే.

ఎందుకంటే నేను ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చింది 2014లో. 2015 మార్చి 18న అక్కడ యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ కొత్త బిల్డింగ్ ఓపెనింగ్, గ్రీస్ లాంటి అప్పుల దేశాల మీద పెట్టిన కోతలకి వ్యతిరేకంగా ఆ రోజు జరిగిన నిరసనల్లో పోలీసు కార్లు తగలబడ్డాయి, ఊరి మీద పొగ లేవడం నేను చూసా. ఆ జులైలో మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర రోజూ గ్రీస్ గోలే. వాళ్ళు పని చెయ్యరు, అప్పులు చేసి తిన్నారు, ఇప్పుడు మన ట్యాక్సులు వాళ్ళకి పోస్తున్నారు అని. కొత్తగా వచ్చినదాన్ని, నేనూ తలూపా. తర్వాత చదివిన కొద్దీ ఆ తలూపడం లోపల ముల్లులా ఉండిపోయింది. ఒకసారి వెళ్ళి కళ్ళతో చూడాలనిపించింది, అంతే.

ఎయిర్‌పోర్ట్ నుంచి మెట్రోలో సింటగ్మా దాకా, అక్కడి నుంచి బస్సులో కిప్సెలి అనే పేట. పాత అపార్ట్‌మెంట్లు, బాల్కనీ నిండా కుండీలు, గుడ్డ పరదాలు, కింద సందుకో బేకరీ. మాకు గది ఇచ్చినావిడ తను ఉంటున్న ఇంట్లోనే ఒక బెడ్‌రూమ్ అద్దెకిస్తారు. అరవై దాటాయి, ఒక బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారట. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చు, అమ్మకీ అంతే, మరి ఇద్దరూ ఎలా మాట్లాడుకున్నారో గానీ నేను స్నానం చేసొచ్చేసరికి ఆవిడ కొడుకు మైంజ్‌లో ఇంజనీరని, 2012లో ఇరవై నాలుగేళ్ళప్పుడు వెళ్ళిపోయాడని, ఇంకా పెళ్ళి కాలేదని మొత్తం తెలిసిపోయింది అమ్మకి. మైంజ్ మాకు రైల్లో నలభై నిమిషాలు.

రెండో రోజు, సెప్టెంబర్ 30, మంగళవారం

పొద్దున్నే సింటగ్మా. ఆ మాటకి అర్థం రాజ్యాంగం, 1843లో జనం, సైనికులు ఇక్కడ నిలబడి రాజు దగ్గర రాజ్యాంగం సాధించుకున్నారు కాబట్టి ఆ పేరు. పైన పసుపు రంగు పార్లమెంటు, ముందు తెలియని సైనికుడి సమాధి. టూరిస్టులంతా కుచ్చుల చెప్పుల సైనికులు కాళ్ళెత్తి నడవడం వీడియో తీసుకుంటున్నారు. అమ్మ మాత్రం కింద నేల మీద చూస్తోంది. ఎర్ర రంగుతో పేర్లు రాసున్నాయి, వరసగా.

అవి 57 పేర్లు. 2023 ఫిబ్రవరి 28 రాత్రి టెంపి దగ్గర పాసింజర్ రైలు, గూడ్సు రైలు ఒకే పట్టా మీద ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి, పోయినవాళ్ళలో చాలామంది సెలవల నుంచి కాలేజీకి తిరిగెళ్తున్న పిల్లలు. సిగ్నల్ సిస్టమ్ బాగుచేయడానికి 2014లోనే కాంట్రాక్టు రాసుకున్నారు, తొమ్మిదేళ్ళయినా పూర్తి కాలేదు. అప్పులిచ్చినవాళ్ళు పెట్టిన షరతుల్లో భాగంగా రైళ్ళు నడిపే ప్రభుత్వ కంపెనీని 2017లో ఇటలీ రైల్వేకి నాలుగున్నర కోట్ల యూరోలకి అమ్మేశారు, పట్టాలు, సిగ్నళ్ళు మాత్రం సర్కారు దగ్గరే ఉండిపోయాయి. ఆ సిగ్నళ్ళే పని చెయ్యలేదు. మేం వెళ్ళిన రోజు అక్కడ కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి నిరాహార దీక్షలో కూర్చుని ఉన్నారు, రెండు వారాలు దాటింది. కొడుకు శరీరాన్ని బయటికి తీసి మళ్ళీ పరీక్షలు చేయించాలని అడుగుతున్నారు ఆయన. అమ్మ చేతులు జోడించి అలా నిలబడిపోయింది. ఫోటో తీయనా అంటే వద్దంది.

మెట్లు దిగితే స్క్వేర్. ఇక్కడే ఒక పెద్ద చెట్టు దగ్గర 2012 ఏప్రిల్ 4 పొద్దున 77 ఏళ్ళ రిటైర్డ్ ఫార్మసిస్టు ఒకాయన ప్రాణం తీసుకున్నారు. 35 ఏళ్ళు తనే డబ్బు కట్టి సంపాదించుకున్న పెన్షన్‌తో బతికే దారి లేకుండా చేశారని, చెత్తకుండీల్లో తిండి వెతుక్కునే స్థితి రాకముందే పోతున్నానని ఉత్తరం రాసి పెట్టారు. పక్కన స్టాడియు రోడ్డులో 2010 మే 5న, జీతాలు, పెన్షన్లు కోసే చట్టానికి వ్యతిరేకంగా లక్షమంది రోడ్డెక్కిన రోజు, ఎవరో పెట్రోలు సీసాలు విసిరితే బ్యాంకు బ్రాంచిలో ముగ్గురు ఉద్యోగులు ఊపిరాడక చనిపోయారు, అందులో ఒకావిడ గర్భిణి. మా ఇంటావిడ రాత్రి చెప్పారు, ఆ రోజు ఆవిడ కూడా డ్యూటీలోనే, ఇంకో బ్రాంచిలో. షట్టర్ దించుకుని లోపల కూర్చున్నారట.

అసలు ఇదంతా ఎలా మొదలైందో నాకు అర్థమైనంతలో చెప్తా. 2001లో యూరోలో చేరాక గ్రీస్‌కి జర్మనీతో దాదాపు సమానంగా చవగ్గా అప్పు పుట్టడం మొదలైంది, ఇచ్చేవాళ్ళు ఫ్రాన్స్, జర్మనీ బ్యాంకులు, తీసుకునేవాళ్ళు ఇక్కడి ప్రభుత్వాలు. 2004 ఒలింపిక్స్‌కే 900 కోట్ల యూరోల దాకా అయింది. ట్యాక్సులు ఎగ్గొట్టే పెద్దవాళ్ళ జోలికి ఎవరూ పోలేదు, ఎన్నికలొచ్చినప్పుడల్లా ఉద్యోగాలు పంచారు, లెక్కలు దాచారు. 2009 అక్టోబర్‌లో పసోక్ పార్టీ గెలిచాక చూస్తే, జీడీపీలో 6 శాతం దగ్గర ఉందని చెప్పిన బడ్జెట్ లోటు 12 దాటిందన్నారు, చివరికి 15 పైన తేలింది. ఇక అప్పిచ్చేవాడు లేడు. 2010 ఏప్రిల్ 23న ప్రధాని జార్జ్ పపాండ్రియు కాస్టెలోరిజో అనే చిన్న దీవిలో, వెనకాల నీలం సముద్రం పెట్టుకుని, సాయం అడుగుతున్నామని టీవీలో ప్రకటించాడు. ఆ అందమైన సముద్రం ముందు ఆ మాట విన్నది ఇప్పటికీ మర్చిపోలేమంటారు ఇక్కడి జనం.

మొదటి ప్యాకేజీ 11,000 కోట్ల యూరోలు, 2012లో రెండోది 13,000 కోట్లు, 2015లో మూడోది 8,600 కోట్ల దాకా. షరతులు పెట్టి లెక్క చూసింది ముగ్గురు: యూరోపియన్ కమిషన్, సెంట్రల్ బ్యాంక్, ఐఎంఎఫ్. జనం నోట్లో ట్రోయికా. షరతుల కాగితానికి పేరు మ్నిమోనియో, ఈ మాట ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. మరి అంత డబ్బు ఎటు పోయింది? బెర్లిన్‌లోని ఈఎస్ఎంటీ అనే బిజినెస్ స్కూల్ 2016లో లెక్క తీస్తే, మొదటి రెండు ప్యాకేజీల్లో గ్రీస్ ప్రభుత్వ ఖర్చులకి చేరింది 5 శాతం లోపే. మిగతాది పాత అప్పులు, వడ్డీలు తీర్చడానికి, బ్యాంకుల్ని నిలబెట్టడానికి పోయింది. అంటే మా లంచ్ టేబుల్ దగ్గర అందరూ గ్రీకులకి పోస్తున్నామనుకున్న డబ్బు చాలావరకు మళ్ళీ అప్పిచ్చినవాళ్ళ దగ్గరికే వచ్చింది. ఇది నేను ఆ రోజు అక్కడ చెప్పి ఉండాల్సింది.

రాత్రి వంటింట్లో అమ్మ అడిగింది ఆవిడ్ని, పెన్షన్ ఎంత కోశారు అని. వాళ్ళ భాషలో పెన్షన్‌ని సింతాక్సి అంటారు. ఆవిడ ఒక డైరీ తెచ్చారు. వాళ్ళమ్మగారి పెన్షన్ ఏ నెల ఎంత పడిందో అందులో చేత్తో రాసి పెట్టుకున్నారు, బ్యాంకు మనిషి కదా. ముందు ఈస్టర్, క్రిస్మస్, వేసవికి వచ్చే బోనస్‌లు పోయాయి, అంటే 13వ, 14వ నెల పెన్షన్. తర్వాత మెయిన్ పెన్షన్ కోత, దాని మీద మళ్ళీ కోత. దేశమంతా చూసుకుంటే పదిసార్లకు పైనే కోశారు. ఆవిడ జీతం తగ్గింది, భర్త ప్రింటింగ్ ప్రెస్ మూతపడింది, కొడుక్కి ఉద్యోగం లేదు, 2013లో ఈ దేశంలో నిరుద్యోగం 27 శాతం దాటింది, కుర్రాళ్ళలో అయితే సగం మందికి పైగా ఖాళీ. కొడుకు వెళ్ళేదాకా నలుగురూ తిన్నది ఎక్కువగా ఆ ముసలావిడ పెన్షన్ మీదే. అమ్మ ఆ డైరీ కాలమ్‌లన్నీ వేలు పెట్టి చదువుతూ మనసులో కూడికలు చేస్తోంది, చూస్తే తెలుస్తుంది నాకు. చివరికి, సగానికి సగం పోయింది కదండీ, అంది.

మూడో రోజు, అక్టోబర్ 1, బుధవారం, మహానవమి

ఇవాళ దేశమంతా సమ్మె. టాక్సీలు లేవు, రైళ్ళు లేవు, ఓడలన్నీ రేవులోనే. రాత్రికి క్రీట్ దీవికి ఓడ ఎక్కాలనుకున్నది రేపటికి పోయింది. సమ్మె ఎందుకంటే ప్రైవేటు ఉద్యోగులు ఒకే యజమాని దగ్గర రోజుకి 13 గంటల వరకు పని చెయ్యొచ్చని కొత్త చట్టం తెస్తున్నారు, ఏడాదికి 37 రోజుల వరకు, ఓవర్‌టైమ్‌కి 40 శాతం ఎక్కువ. ఇష్టమైతేనే అని ప్రభుత్వం అంటోంది. నెలకి 880 యూరోల కనీస జీతం ఉన్న చోట ఇష్టం అనే మాటకి విలువేముంది అని మా ఇంటావిడ అడిగారు. ఇంకో విషయం, యూరోపియన్ యూనియన్‌లో వారానికి సగటున ఎక్కువ గంటలు పనిచేసేది గ్రీకులే, 40కి దగ్గర. సోమరులట!

బస్సు కోసం చూడకుండా పటిసియోన్ రోడ్డు పట్టుకుని నడిచాం. అమ్మ రోజూ పొద్దున వాకింగ్ చేస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. దారిలో పాలిటెక్నిక్. 1967 ఏప్రిల్ 21న సైనిక కల్నల్స్ అధికారం గుంజుకున్నారు, ఏడేళ్ళు జైళ్ళు, చిత్రహింసలు. 1973 నవంబర్‌లో విద్యార్థులు ఈ కాలేజీని ఆక్రమించి, లోపలే ఒక రేడియో తయారు చేసి ఇది పాలిటెక్నిక్ అని ఊరంతా వినిపించారు. 17 తెల్లవారుజామున యుద్ధ ట్యాంకు గేటు మీదికి ఎక్కింది. వంగిపోయిన ఆ పాత గేటు ఇప్పటికీ లోపల నేల మీదే ఉంచారు, ఏటా నవంబర్‌లో దాని మీద ఎర్ర పూలు పెడతారు. మరుసటి ఏడాది జులైలో సైప్రస్ గొడవతో ఆ ప్రభుత్వం కూలిపోయింది, ప్యారిస్‌లో ఉన్న మాజీ ప్రధాని కరమన్లిస్ అర్ధరాత్రి విమానంలో వచ్చి మళ్ళీ ప్రధాని అయ్యాడు, డిసెంబర్‌లో ఓటు పెట్టి రాచరికం తీసేశారు, 1981లో యూరోపియన్ కమ్యూనిటీలో చేరారు. ఆ తరానికి యూరప్ అంటే డబ్బొక్కటే కాదు, మళ్ళీ ట్యాంకులు రావు అనే భరోసా. 2015లో అంత కోపంలో కూడా యూరో వదిలేద్దాం అనేవాళ్ళు తక్కువ ఉండటానికి కారణం ఇదేనని నాకు ఆ గేటు దగ్గర నిలబడితే అర్థమైంది.

ఆ తర్వాత అధికారం ఎక్కువగా రెండు పార్టీల మధ్యే తిరిగింది. ఒక పపాండ్రియు, ఆయన కొడుకు, మనవడు ముగ్గురూ ప్రధానులే. కరమన్లిస్, ఆయన తమ్ముడి కొడుకు. ఇప్పటి ప్రధాని మిచోటాకిస్ తండ్రి కూడా ప్రధానే. అమ్మకి ఇది విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. 2009లో 44 శాతం ఓట్లు తెచ్చుకున్న పసోక్ 2015 జనవరికి 5 శాతం లోపుకి పడిపోయింది. ఆ ఎన్నికల్లోనే వామపక్ష పార్టీ సిరిజా గెలిచి సిప్రాస్ ప్రధానిగా వచ్చాడు.

సాయంత్రం మహానవమి కాబట్టి అమ్మ ఆవిడ వంటింట్లోనే నిమ్మకాయ పులిహోర కలిపింది. ఆవాలు, ఇంగువ అమ్మ బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి. తింటూ 2015 జులై మాట వచ్చింది. అప్పిచ్చినవాళ్ళ షరతులు ఒప్పుకోవాలా వద్దా అని సిప్రాస్ జూన్ 26 అర్ధరాత్రి దాటాక రిఫరెండం ప్రకటించగానే జనం ఏటీఎంల దగ్గరికి పరిగెత్తారు, 29 నుంచి బ్యాంకులు మూత, రోజుకి కార్డుకి 60 యూరోలే. ఇరవై నోట్లు అయిపోయాక మిషన్లో యాభైయే వచ్చేది. కార్డు లేని పెన్షనర్ల కోసం కొన్ని బ్రాంచీలు మూడు రోజులు తెరిచి మనిషికి 120 ఇచ్చారు. ఆ కౌంటర్లో కూర్చున్నది మా ఇంటావిడ. పొద్దున ఐదింటికే చేతికర్రలతో వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డారట, నోట్లు సరిపోవేమోనని ఒకర్నొకరు తోసుకున్నారట, తెలిసిన ముఖాలు, రోజూ బేకరీలో కనిపించేవాళ్ళు. అమ్మ గరిటె పక్కన పెట్టి, నేను కౌంటర్‌కి ఇవతల నిలబడ్డా అంది. 2016 నవంబర్‌లో తెనాలిలో పాత నోట్లు మార్చుకోవడానికి, నాన్న ఆపరేషన్ దగ్గర పడిందని మూడు రోజులు వరసగా లైన్లో. నాకు ఆ సంగతి ఇంతవరకు తెలీదు. ఫోన్లో ఎప్పుడూ అంతా బానే ఉంది అనే చెప్పేది.

జులై 5న 61 శాతం మంది ఓహి, అంటే వద్దు, అన్నారు. మా ఇంటావిడ కూడా. 1940 అక్టోబర్ 28న ముస్సోలినీకి చెప్పిన మాట అదే, ఏటా ఆ రోజు ఇక్కడ జాతీయ పండుగ. వారం తిరిగేసరికి బ్రస్సెల్స్‌లో రాత్రంతా కూర్చోబెట్టి 13వ తారీఖు పొద్దున సిప్రాస్‌ని ఇంకా గట్టి షరతులకి ఒప్పించారు. బ్యాంకులు ఎండిపోయి ఉన్నాయి, సెంట్రల్ బ్యాంక్ డబ్బు ఆపేస్తే మర్నాడు మందులు దిగుమతి అవ్వవు, అతనికి వేరే దారి ఉందా లేదా అని ఇప్పటికీ ఒక ఇంట్లోనే రెండు మాటలు. ఆవిడ మాత్రం, మమ్మల్ని అడక్కుండా ఉండాల్సింది, అడిగాక వినాల్సింది, అన్నారు.

నాలుగో రోజు, అక్టోబర్ 2, గురువారం, విజయదశమి

పిరేయస్ రేవు. కంటైనర్ క్రేన్ల మీద పెద్ద అక్షరాలతో చైనా కంపెనీ కాస్కో పేరు. 2009 నుంచి టెర్మినళ్ళు వాళ్ళ చేతికి వచ్చాయి, 2016లో పోర్టులో 51 శాతం వాటా 28 కోట్ల యూరోలకి కొన్నారు, ఇప్పుడు 67 శాతం. యూరప్ అప్పు తీర్చడానికి అమ్మమంటే కొనడానికి చైనా వచ్చింది. పక్కనే ఉన్న కెరాట్సినిలో 2013 సెప్టెంబర్‌లో పావ్లోస్ ఫిసాస్ అనే ర్యాప్ గాయకుడిని గోల్డెన్ డాన్ మనిషి పొడిచి చంపాడు. కష్టకాలంలో వలసవాళ్ళ మీద ద్వేషం పెంచి పార్లమెంటుకెళ్ళిన పార్టీ అది, 2020 అక్టోబర్‌లో కోర్టు దాన్ని నేరస్థుల ముఠా అని తీర్పిచ్చింది.

బయల్దేరే ముందు ఇంటావిడ ఒక పార్సిల్ ఇచ్చారు కొడుక్కి. ఆలివ్ నూనె డబ్బా, ఎండు ఒరెగానో, స్టీలు డబ్బాలో నువ్వుల బిస్కెట్లు. నూనె మూత చుట్టూ అమ్మ టేపు చుట్టి, కవరు మీద కవరు వేసి, నాకు గోంగూర పచ్చడి పంపేటప్పుడు ఎలా చేస్తుందో అచ్చం అలాగే సర్దింది. రాత్రి తొమ్మిదింటికి ఓడ.

ఐదో రోజు, అక్టోబర్ 3, శుక్రవారం

తెల్లారేసరికి హెరాక్లియన్. కారు అద్దెకి తీసుకుని కాస్టెలి వైపు వెళ్ళాం, ముప్పై ఐదు కిలోమీటర్లు ఉంటుందేమో, అంతా ఆలివ్ తోటలు. అక్కడ క్రీట్‌కి కొత్త ఎయిర్‌పోర్ట్ కడుతున్నారు. కట్టేది గ్రీకు కంపెనీ టెర్నా, మన జీఎంఆర్ కలిసి. 35 ఏళ్ళ ఒప్పందం, గ్రీస్ ప్రభుత్వానికి కూడా దాదాపు 46 శాతం వాటా ఉంది. రాజాం నుంచి మొదలైన కంపెనీ, శంషాబాద్ కట్టినవాళ్ళు, ఇక్కడ ఈ కొండల మధ్య! అమ్మకి భలే సంతోషమేసింది, నాక్కూడా. రాడార్ పెట్టడానికి పక్కనున్న పపూరా కొండ తవ్వితే 2024లో దాదాపు నాలుగు వేల ఏళ్ళనాటి మినోవన్ నాగరికత కట్టడం బయటపడింది, 48 మీటర్ల వెడల్పు, ఎనిమిది రాతి వలయాలు ఒకదానిలో ఒకటి. దూరం నుంచే చూశాం.

ఈ ఊళ్ళలోనే ఇంకో గొడవ నడుస్తోంది. యూరప్ రైతులకిచ్చే సబ్సిడీలని కొందరు లేని గొర్రెలు, లేని పచ్చిక భూములు చూపించి తినేశారని, ఆ డబ్బు పంచే ఓపెకెపె అనే ప్రభుత్వ సంస్థ మీద కేసు, అందులో ఎక్కువ క్రీట్ వాళ్ళే, జూన్‌లో మంత్రులు కూడా రాజీనామా చేశారు, యూరప్ 39 కోట్ల యూరోలకి పైగా జరిమానా వేసింది. ఇది రాయకుండా గ్రీకులు అంతా అమాయకులని రాస్తే అబద్ధమవుతుంది. కాకపోతే ఆ తిన్నవాళ్ళూ, ఆ డైరీలో పెన్షన్ కోతలు రాసుకున్నావిడా ఒకరు కాదు, బిల్లు మాత్రం ఆవిడ పేరు మీద వచ్చింది. నా కోపం అక్కడే.

ఆరో రోజు, అక్టోబర్ 4, శనివారం

బస్సులో హనియా, దారంతా సముద్రం పక్కనే. హనియా ఎయిర్‌పోర్ట్‌లో బోర్డు మీద ఫ్రాపోర్ట్ పేరు. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్ నడిపే మా ఊరి కంపెనీయే, అందులో సగానికి పైగా వాటా హెస్సె రాష్ట్రానిది, ఫ్రాంక్‌ఫర్ట్ నగరానిది. 2017లో గ్రీస్ 14 ఎయిర్‌పోర్టులు 40 ఏళ్ళకి దీనికి అప్పజెప్పింది, మొదట చెల్లించింది 120 కోట్ల పైచిలుకు. బాగా నడుపుతున్నారు, శుభ్రంగా ఉంది, అది నిజమే. లైన్లో నిలబడి లెక్కేసుకుంటే మా ఊరి ఖజానాకి కూడా ఇక్కడి ఆదాయంలో పైసో పావలానో వచ్చి చేరుతుంది కదా అనిపించింది.

2018 ఆగస్టు 20న ప్యాకేజీలు ముగిశాయి, ఐఎంఎఫ్ అప్పు 2022లో గడువుకి ముందే తీర్చేశారు, 2023లో దేశం అప్పు రేటింగ్ మళ్ళీ పైకొచ్చింది, మా ఆఫీసులో ఇప్పుడు గ్రీస్‌ని మెచ్చుకుంటారు. కానీ మనిషికొచ్చే ఆదాయాన్ని ధరలతో కలిపి చూస్తే 2024 లెక్కల్లో ఈయూలో కింద నుంచి రెండోది, ఒక్క బల్గేరియా పైన.

తర్వాతి ఆదివారం మైంజ్ వెళ్ళి పార్సిల్ ఇచ్చాం. కుర్రాడు, కుర్రాడేంటి ముప్పై ఏడు, ఒరెగానో కవరు విప్పి వాసన చూసి కాసేపు మాట్లాడలేదు. పోయిన నెల ఏథెన్స్‌లో ఒక ఉద్యోగం వచ్చిందట, ఇక్కడి జీతంలో సగం లేదు, కిప్సెలిలో అద్దెలు మాత్రం రెట్టింపయ్యాయట, టూరిస్టులకిచ్చే ఇళ్ళే ఎక్కువైపోయి. వద్దన్నాడట. వాళ్ళమ్మకి ఈ సంగతి చెప్పలేదట, మీరూ చెప్పకండి అన్నాడు.

బిస్కెట్లు ఇంకో డబ్బాలోకి మార్చి స్టీలు డబ్బా కడిగి పక్కన పెట్టబోతే అమ్మ తీసుకుంది, ఖాళీ డబ్బా తిరిగి పంపకూడదని. ఓహి పండగకి 28న అతను ఇంటికెళ్తున్నాడు. నిన్న రాత్రి మా ఇంట్లో మినుములు వేయించింది, సున్నుండలకి. అవైతే అప్పటిదాకా పాడవ్వవట.